చెన్నైలో మేత ఎలుకల పెంపకం: మే ఎండ దెబ్బ జూలైలో కనబడుతుంది

అంబత్తూరులో మా ఇంటి వెనక గదిలో తెల్ల ఎలుకలనూ చిట్టెలుకలనూ పెంచుతున్నాను, ఇంట్లో ఉన్న రెండు బాల్ పైథాన్ల మేత కోసం. మన దేశపు పాములను ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ విదేశీ పామే అయినా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ వెబ్‌సైట్‌లో నమోదు చేయించాలి. ముందు ఆ పని చూసుకోండి, ఎలుకల సంగతి ఆ తర్వాత.

ఇక్కడి తెలుగువాళ్ళు ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది, "తేదీలు రాశారా?" అని. ఎలుకల దగ్గర ఈ రోజు కనబడే సమస్యకు కారణం చాలాసార్లు మూడు వారాల వెనకో, రెండు నెలల వెనకో ఉంటుంది. జత కలిపిన రోజు, పిల్లలు పెట్టిన రోజు, ఎన్ని పిల్లలన్నది ఒక కాగితం మీద రాసి, ఎలుకలుండే టబ్బుకు అంటించండి.

జత కలిపి నెల దాటినా పిల్లలు లేవు

చిట్టెలుక 19 నుంచి 21 రోజులు మోస్తుంది, ఎలుక 21 నుంచి 23. ఆడది నాలుగైదు రోజులకొకసారి ఎదకు వస్తుంది కాబట్టి మగదాన్ని రెండు రోజులుంచి తీసేస్తే లాభం లేదు. పది రోజులైనా ఉంచండి. చిట్టెలుకల్లో ఇంకో చిక్కుంది. జత కట్టిన తొలి నాలుగైదు రోజుల్లో మగదాన్ని మారిస్తే, కొత్త మగదాని వాసనకే కడుపు నిలవకుండా పోవచ్చు. గదిలో రాత్రంతా ట్యూబ్‌లైటు వెలుగుతున్నా ఎద తప్పుతుంది.

ఇవేవీ కాకపోతే, చెన్నైలో అనుమానించాల్సింది ఎండనే. ఎలుకకు 20 నుంచి 24 డిగ్రీలు హాయి. 30 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. అగ్ని నక్షత్రం అని ఇక్కడివాళ్ళు పిలిచే మే నెల మండుటెండల రోజుల్లో బయటే 40 ఉంటుంది, మేడ మీద రేకుల గది సంగతి చెప్పనక్కర్లేదు. ఎలుకకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. ఆ వేడికి మగదాని వీర్యం దెబ్బతింటుంది. వీర్యకణం తయారవడానికి ఎలుకలో సుమారు 50 రోజులు, చిట్టెలుకలో 35 రోజులు పడుతుంది. అందుకే మేలో తగిలిన దెబ్బకు జూన్, జూలైల్లో టబ్బులు ఖాళీగా ఉంటాయి. అప్పటికి వాతావరణం కాస్త చల్లబడి ఉంటుంది కనుక మనం ఎండను మర్చిపోయి మేతను అనుమానిస్తాం, మంచి మగదాన్ని వదిలించుకుంటాం. అలా చేయకండి. దాన్ని రెండు నెలలు చల్లగా ఉంచి మళ్ళీ జత కలపండి.

కర్నూలులో పనిచేసే ఎయిర్ కూలర్ ఇక్కడ పనికి రాదు. గాలిలో ముందే తేమ నిండి ఉంది, కూలర్ ఇంకాస్త తేమ చేరుస్తుంది, అంతే. తడి గోనెసంచి సంగతీ అంతే. కింది అంతస్తులో ఎండ పడని గోడ పక్కకు టబ్బులు మార్చడమే అసలు మందు. మధ్యాహ్నం పూట గడ్డకట్టిన నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి ఒక మూల పెట్టండి. ఎలుక ఒళ్ళు పరిచి పడుకుని, గడ్డం తడిసి, గబగబా ఊపిరి తీస్తుంటే వెంటనే చల్లని గదిలోకి తీసుకెళ్ళండి. ఐసు నీళ్ళలో మాత్రం ముంచవద్దు.

తల్లి పిల్లలను తినేస్తోంది

చూసినవాళ్ళ మనసు విరిగిపోయే సమస్య ఇది. చాలామంది తల్లిని తప్పుపడతారు. ముందు నీళ్ళ సీసా చూడండి. ఒక మే నెల రాత్రి మా నిపుల్ బాటిల్ గొట్టం కొసన ఉండే గోళీ ఇరుక్కుపోయి నీళ్ళు రాలేదు. సీసా నిండుగా ఉంది కదా అని నేను పట్టించుకోలేదు. తెల్లారేసరికి పది పిల్లల్లో మూడే మిగిలాయి. పాలిచ్చే తల్లి మామూలు కంటే ఎంతో ఎక్కువ నీళ్ళు తాగుతుంది. అప్పటి నుంచి ప్రతి టబ్బుకూ రెండు సీసాలు పెడుతున్నాను, రోజూ వేలితో గోళీ నొక్కి చూస్తున్నాను.

రెండో కారణం మాంసకృత్తుల లోటు. నూకలు, మరమరాలతో కడుపు నిండుతుంది కానీ పాలు పడవు. ఎలుకల పెల్లెట్ మేత దొరికితే అదే మంచిది, దొరకకపోతే ఉడికించిన గుడ్డు, ఉడికించిన శనగలు కలపండి. ఉప్పు చేప వద్దు. మూడోది మన కంగారు. మొదటి నాలుగైదు రోజులు టబ్బు కదపకండి, గూడు విప్పకండి. పాలు తాగుతున్నాయో లేదో పైనుంచే తెలుస్తుంది. పింకీ, అంటే అప్పుడే పుట్టిన పిల్ల, చర్మం పల్చన, పొట్టలో పాలు తెల్లని పట్టీలా కనబడతాయి. చచ్చి పుట్టిన పిల్లలను తల్లి తినడం సహజమే, దానికి భయపడకండి. తొలి కాన్పులో పోగొట్టుకున్న తల్లికి ఇంకో అవకాశం ఇవ్వండి. రెండోసారీ అలాగే చేస్తే దాన్ని మళ్ళీ జత కలపవద్దు.

తుమ్ములు, కళ్ళ చుట్టూ ఎరుపు

ఆ ఎరుపు నెత్తురు కాదు. కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే రంగు, ఎలుక బాధలో ఉందనడానికి గుర్తు. మూత్రం నుంచి లేచే అమ్మోనియా ముక్కునూ ఊపిరితిత్తులనూ కోస్తుంటే, మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి ముదురుతుంది. పొద్దున్నే టబ్బు ఎత్తుకు వంగి వాసన చూడండి. మీ కళ్ళు మండితే ఎలుకకు రాత్రంతా మండినట్టే. మూతకు నాలుగు చిల్లులు చాలవు, పక్కలు కోసి ఇనుప జాలి బిగించండి. టబ్బులో కింద పరిచే వరి పొట్టును జల్లించి దుమ్ము తీసి, ఎండబెట్టి వాడండి. జబ్బు పడినదాన్ని వేరు చేసి పశువుల డాక్టరుకు చూపించండి. మందుతో తగ్గినా సూక్ష్మజీవి ఒంట్లోనే ఉంటుంది కాబట్టి దాని సంతానం తీయకండి.

పిల్లలు లెక్క మించిపోతున్నాయి

పిల్లలు పెట్టిన ఒక్క రోజులోనే ఆడది మళ్ళీ ఎదకు వస్తుంది. కాన్పుకు ముందే మగదాన్ని తీసేయండి. నాలుగు వారాలకల్లా ఆడ, మగ పిల్లలను వేరు చేయండి, అయిదో వారంలో అన్నాచెల్లెళ్ళే జత కడతాయి. నన్నడిగితే, ఒక్క పాము ఉన్నవాళ్ళు పెంపకమే పెట్టుకోవద్దు. వారానికో రెండు వారాలకో ఒకసారి తినే పాముకు గడ్డకట్టించి అమ్మే ఎలుకలు చాలు. బతికున్న ఎలుకను పాముతో వదిలేస్తే అది పామును కొరికి గాయపరచగలదు కూడా.

వానల్లో బయటి ఎలుకలు గదిలోకి వస్తున్నాయి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇది తప్పదు. అవి మూత్రంతో మనుషులకు సోకే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరాన్ని తెస్తాయి. మేత స్టీలు డబ్బాలో మూతపెట్టి ఉంచండి, గోడ కన్నాలు మూయండి. టబ్బులు శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, చేతి మీద గాయం ఉంటే ఆ రోజు పని ఇంకొకరికి అప్పగించండి. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, ఎలుకలు పెంచుతున్నామని డాక్టరుకు మొదటే చెప్పండి.