రూబిక్స్ క్యూబ్‌ను విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించడం

1974లో బుడాపెస్ట్‌లో ఎర్నో రూబిక్ రూపొందించిన ఈ క్యూబ్ తిరగకుండా మొరాయిస్తే, పై వరుసను 45 డిగ్రీలు తిప్పి, ఆ వరుసలోని అంచు ముక్క కింద మొండి స్క్రూడ్రైవర్‌ను దూర్చి మెల్లగా లేపాలి. అది టక్కున ఊడివచ్చాక మిగిలినవి చేతికే వస్తాయి. 12 అంచు ముక్కలను, 8 మూల ముక్కలను సబ్బునీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. స్ప్రింగులు తుప్పు పట్టకుండా నడిమి ఇరుసును పొడిగుడ్డతో తుడిస్తే చాలు. కొబ్బరినూనె మాత్రం వద్దు, అది దుమ్మును పట్టి జిడ్డుకడుతుంది. సిలికాన్ నూనె రెండు చుక్కలు సరిపోతాయి.

అసలు జాగ్రత్త బిగింపులోనే ఉంది. కింది వరుస నుంచి మొదలుపెట్టి, రంగులన్నీ కుదిరిన స్థితిలోనే ముక్కలను అమర్చాలి. ఒక్క మూల ముక్క తన చోటనే మెలితిరిగి ఉన్నా, ఎన్నిసార్లు తిప్పినా క్యూబ్ కుదరదు కాబట్టి, ఇష్టం వచ్చినట్లు పేర్చినదానికి పరిష్కారం దొరికే అవకాశం 12లో 1 మాత్రమే. చివరి అంచు ముక్కను మళ్లీ 45 డిగ్రీల కోణంలోనే నొక్కి దించాలి.