చెత్తతో కట్టిన కోట: కిట్‌బాష్ టెర్రైన్‌లో వచ్చే తంటాలు, పరిష్కారాలు

వార్‌హ్యామర్ 40,000 లాంటి, బల్ల మీద చిన్న సైనికుల బొమ్మలతో ఆడే ఆటలకి టెర్రైన్, అంటే ఫ్యాక్టరీలు, శిథిలాలు ఇంట్లోనే కట్టుకునేవాళ్లకి సరుకు కొదవ ఉండదు. రకరకాల ముక్కల్ని కలిపి ఇలా కొత్తది కట్టడాన్నే కిట్‌బాష్ అంటారు. మోడల్ కిట్లలో మిగిలిన ముక్కలు, సీసా మూతలు, టీవీ డబ్బాలో వచ్చిన థర్మాకోల్, ఏదైనా పనికొస్తుంది. గొడవంతా వాటిని కలిపినప్పుడే. ఒక్కో ముక్కదీ ఒక్కో ప్లాస్టిక్, జిగురూ రంగూ అన్నిటితోనూ ఒకేలా ఉండవు.

స్ప్రే కొట్టగానే గోడ కరిగిపోయింది

నా మొదటి బంకర్ ఇలాగే పోయింది. రెండు సాయంత్రాలు కూర్చుని థర్మాకోల్ మీద ఇటుకలు చెక్కాను. బాల్కనీలో పెట్టి నల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) స్ప్రే కొట్టాను. ముందు సన్నగా చిటపటమంది, తర్వాత ఇటుకలన్నీ కలిసిపోయి గోడ నిండా గుంతలు పడ్డాయి. "రెండ్రోజులు కష్టపడింది దీనికేనా?" అంది అమ్మ.

కారణం స్ప్రేలో ఉండే సాల్వెంట్. అది పాలీస్టైరీన్‌ని కరిగిస్తుంది. థర్మాకోల్ అంటే గాలి నింపిన పాలీస్టైరీనే కాబట్టి చూస్తుండగానే కుంగిపోతుంది. గట్టిగా ఉండే ఎక్స్‌పీఎస్ ఫోమ్ కూడా పాలీస్టైరీనే, దానికీ ఇదే గతి. ఫెవిక్విక్ కూడా థర్మాకోల్‌ని తినేస్తుంది, ఫోమ్‌కి ఫెవికాల్ వాడండి.

స్ప్రే ఫోమ్‌కి తగలకుండా, ముందుగా ఫెవికాల్‌లో నల్ల అక్రిలిక్ రంగు, కాసిని నీళ్లు కలిపి బ్రష్‌తో రెండు కోట్లు వేయండి. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. ముక్కలు అతికిన సందుల్లోనూ, అడుగునా వేయడం మరిచిపోతాం, స్ప్రే దూరేది అక్కడే. నేనైతే ఇప్పుడు స్ప్రే జోలికే పోను, గోడలకేసే ఎమల్షన్ బ్రష్‌తో పూస్తాను. ఇప్పటికే కరిగిపోయిందా? గుంతల అంచుల్లో మసిరంగు వేసి బాంబు పడిన చోటనుకోండి.

సీసా మూత అతకదు, అతికినా ఊడొస్తుంది

మోడల్ కిట్లు అతికించే ప్లాస్టిక్ సిమెంట్ నిజానికి జిగురు కాదు. పాలీస్టైరీన్ పైపొరని కాస్త కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. కిట్ ముక్కలకి అద్భుతంగా పనిచేస్తుంది. మూతలు మాత్రం సాధారణంగా పాలీప్రొపిలీన్ లేదా పాలీఇథిలీన్. వాటిని అది కరిగించలేదు, ఫెవిక్విక్ కూడా సరిగ్గా పట్టుకోదు. ముక్క మీద త్రికోణం గుర్తు ఉంటే అంకె చూడండి: 6 అయితే పాలీస్టైరీన్, 2, 4, 5 అయితే మొండి ఘటాలు.

వాటిని గరుకు కాగితంతో బాగా రుద్ది, డిష్ సోప్‌తో కడిగి ఆరబెట్టండి. రెండు వైపులా చిన్న రంధ్రాలు చేసి తీగ ముక్క గుచ్చి, చుట్టూ ఎం-సీల్ ముద్ద పెట్టండి. బరువు మోసేది తీగే. ఈ మూతల మీద రంగు కూడా గోటితో గీకితే పొరలా లేచిపోతుంది. అందుకే నేను టిష్యూ పేపర్‌ని ఫెవికాల్‌తో అంటించి, దాని మీద రంగు వేస్తాను. ముడతలు పడినా తుప్పుపట్టిన రేకులా బాగుంటుంది.

బేస్ అప్పడంలా వంకర తిరిగింది

బేస్ అంటే కట్టడం కింద పెట్టే పలక. దాని మీద ఇసుక అతికించడానికి అట్ట మీదో, సన్న ఎండీఎఫ్ (చెక్క పీచుతో చేసిన పలక) మీదో నీళ్లు కలిపిన ఫెవికాల్ పూస్తాం. తడిసిన వైపు ఆరేటప్పుడు ముడుచుకుని అంచుల్ని పైకి లాగుతుంది. అడుగున కూడా అదే పూసి, కాస్త ఆరాక పాలిథీన్ కాగితం పరిచి, పైన పుస్తకాల బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. ఇప్పటికే వంగినదానికి అడుగు తడిపి ఇలాగే చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. కొత్తగా కడితే సన్‌బోర్డ్ (ప్లాస్టిక్ ఫోమ్ పలక) వాడండి, అది నీళ్లు పీల్చదు.

అతికిన చోట తెల్లటి బూజు

వానాకాలంలో ఫెవిక్విక్ ఎక్కువ పోస్తే దాని ఆవిరి చుట్టుపక్కల తెల్లగా పేరుకుంటుంది. చుక్క చాలు, ఫ్యాన్ గాలి తగలనివ్వండి. ఎలాగూ రంగు వేస్తారు కాబట్టి దీనికి టెన్షన్ అనవసరం.

అన్నీ బాగానే కుదిరాయి, కానీ షాంపూ సీసా షాంపూ సీసాలానే ఉంది

అసలు చిక్కు ఇదే. సీసా ఎంత పెద్దదో కంటికి చెప్పే వస్తువు పక్కన లేకపోవడమే కారణం. మనిషి వాడేది ఒకటి తగిలించండి: సుమారు 40 మి.మీ. ఎత్తు తలుపు, ఒక నిచ్చెన, రెయిలింగ్. 28 మి.మీ. బొమ్మకి ఆ తలుపు సరిపోతుంది. సీసా మెడని కోసేయండి, ఎందుకంటే గుర్తుపట్టించేది మెడే. అతికించే ముందు 32 మి.మీ. బేస్ (కాళ్ల కింది గుండ్రటి బిళ్ల) ఉన్న బొమ్మని ప్రతి అంతస్తులోనూ నిలబెట్టి, మీ చెయ్యి లోపలికి దూరుతుందో లేదో చూడండి. నా రెండో కోటలో పై అంతస్తు ఎంతో అందంగా వచ్చింది, కానీ ఆటలో ఒక్క సైనికుణ్ణీ అక్కడ పెట్టలేకపోయాను.