పాత లిఫ్ట్ షాఫ్ట్‌ను స్టోరు గదులుగా మార్చేముందు చేయాల్సిన కరెంటు పని

బెంగళూరు అపార్టుమెంట్లలో కొత్త లిఫ్ట్ వచ్చాక పాతది మూలన పడుతుంది. అది పైకీ కిందికీ తిరిగిన షాఫ్ట్‌లో అంతస్తుకో స్టోరు గది కట్టుకోవచ్చు. కానీ ఒక్క ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడే స్విచ్) దించినంత మాత్రాన లిఫ్ట్‌లో కరెంటు పోదు. ప్రమాదాలకు అసలు మూలం అక్కడే ఉంది.

కరెంటు ఎన్ని దారుల్లో వస్తోందో ముందు తేల్చుకోండి. మోటారుకు 415 వోల్టుల త్రీఫేజు లైను ఒకటి. క్యాబిన్ లైటు, ఫ్యాను, అలారం బెల్లు వేరే సర్క్యూట్ మీద ఉంటాయి. మోటారు ఆగినా లోపల చిక్కుకున్నవాళ్లకు వెలుతురు, గాలి అందాలనే ఆ ఏర్పాటు. బిల్డింగు మెయిన్ ఆపి పని మొదలుపెడితే, బెస్కామ్ (బెంగళూరు కరెంటు సంస్థ) సరఫరా పోయిందనుకుని ఆటో ప్యానెల్ జనరేటర్‌ను స్టార్ట్ చేస్తుంది. ఇక చాలామంది మరిచిపోయేది ఏఆర్‌డీ, అంటే ఆటోమేటిక్ రెస్క్యూ డివైస్. మెయిన్ పోగానే బ్యాటరీలతో మోటారును తిప్పి క్యాబిన్‌ను దగ్గరి అంతస్తుకు చేర్చడమే దాని పని. మీరు మెయిన్ దించిన కొద్ది సెకన్లకే లిఫ్ట్ కదలొచ్చు.

అందుకే మొదట ఏఆర్‌డీ స్విచ్ ఆపి బ్యాటరీ కనెక్టర్ పీకండి. తర్వాత మోటారు మెయిన్, ఆపైన లైటింగ్ సర్క్యూట్ ఆపండి. జనరేటర్‌ను మాన్యువల్‌కు మార్చండి. ప్రతి ఐసోలేటర్‌కూ (లైనును పూర్తిగా విడదీసే స్విచ్) తాళం వేసి, తాళంచెవి పనిచేసే మనిషి జేబులోనే ఉంచండి.

అయినా మోటారు వేగాన్ని నియంత్రించే డ్రైవ్ పెట్టెను వెంటనే ముట్టుకోకండి. అది వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీ మార్చి వేగం మార్చే రకం) అయితే లోపలి కెపాసిటర్లలో 415 × 1.414, అంటే దాదాపు 587 వోల్టుల డీసీ మిగిలి ఉంటుంది. డ్రైవ్ మీద రాసినంతసేపు, సాధారణంగా 10-15 నిమిషాలు ఆగి, మల్టీమీటర్ డీసీ రేంజ్‌లో కొలవండి. మీటరును ముందు బతికున్న లైను మీద చూసుకుని, కొలిచాక మళ్లీ దానిమీదే సరిచూసుకోండి. స్క్రూడ్రైవర్ టెస్టర్‌ను ఈ పనికి నమ్మకూడదు.

రోప్‌లు, బ్రేక్ జోలికి ఎలక్ట్రీషియన్ వెళ్లకూడదు. క్యాబిన్‌కు సమతూకంగా రోప్ రెండో కొసన వేలాడే కౌంటర్‌వెయిట్ బరువు క్యాబిన్ బరువుకు, పూర్తి లోడులో 40-50 శాతం కలిపినంత ఉంటుంది. 8 మంది ఎక్కే 544 కిలోల లిఫ్ట్‌లో ఖాళీ క్యాబిన్ కంటే కౌంటర్‌వెయిట్ 218-272 కిలోలు ఎక్కువ. బ్రేక్ కాయిల్‌కు సరదాగా సప్లై ఇచ్చి చూస్తే బ్రేక్ విడిపోయి ఖాళీ క్యాబిన్ పైకి దూసుకెళుతుంది. క్యాబిన్‌ను, కౌంటర్‌వెయిట్‌ను దించే పని లైసెన్సున్న లిఫ్ట్ కాంట్రాక్టరుకే ఇవ్వండి. క్యాబిన్‌నే గదిగా వాడాలన్న ఆలోచన అసలు వద్దు.

పాత లిఫ్ట్ కేబుల్‌ను ప్యానెల్ దగ్గరే విప్పి మొత్తం లాగేయండి. కొస టేపు చుట్టి వదిలేస్తే ఎప్పుడో ఒకరు ఆ ఎంసీబీని పైకెత్తుతారు. ఉన్న 32 ఆంపియర్ల ఎంసీబీ నుంచే 2.5 చదరపు మి.మీ. వైరుతో సాకెట్ ఇవ్వమంటారు కొందరు. ఆ వైరు వేడెక్కి కరిగేదాకా ఎంసీబీ పడదు. అంతస్తు డీబీ (ఎంసీబీలు ఉండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి కొత్తగా లాగండి: లైటుకు 1.5 చ.మి.మీ. వైరు, 6 ఆంపియర్ల ఎంసీబీ. 16 ఆంపియర్ల సాకెట్‌కు 4 చ.మి.మీ. వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ. వీటి ముందు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపే స్విచ్) ఉండాలి. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడును ఆపదు కాబట్టి ఎంసీబీలు మానకూడదు. గైడ్ రెయిల్స్ (క్యాబిన్ జారే ఇనుప పట్టాలు), ఇనుప డోర్ ఫ్రేములు మిగిలితే అన్నింటినీ ఎర్తింగ్‌కు కలపండి. వైరింగ్ అయ్యాక 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూస్తే ఇన్సులేషన్ 1 మెగాఓమ్‌కు తగ్గకూడదు.

ఖాళీ షాఫ్ట్ నిప్పంటుకుంటే పొగగొట్టమే. స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పినట్టు ప్రతి అంతస్తుకూ స్లాబు పోసి, కేబుల్ రంధ్రాలను ఫైర్‌స్టాప్ సీలెంట్‌తో మూయండి. బేస్‌మెంట్ గుంతలో వాననీరు ఊరుతుంది. అక్కడ సాకెట్ పెట్టొద్దు. ఈ గదుల్లో ఈ-స్కూటర్ బ్యాటరీలు చార్జింగ్ పెట్టనివ్వకండి. గాలి ఆడని చోట బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం.

కర్ణాటకలో లిఫ్ట్‌లు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ పరిధిలోకి వస్తాయి. పాతది తీసేస్తున్నట్టు అక్కడ రాతపూర్వకంగా తెలిపి, రసీదు దాచుకోండి. మెయిన్ ప్యానెల్‌లో 'లిఫ్ట్' లేబుల్ పీకేసి, ఖాళీ అయిన చోట బ్లాంకింగ్ ప్లేటు బిగించండి.