బెలూన్ ఎంత బరువు మోస్తుందో లెక్క కట్టడం ఎలా?

వెంచర్ల మీదా, షాపు ఓపెనింగుల్లోనూ ఎగరేసే పెద్ద గుండ్రటి ప్రకటన బెలూన్లు చాలా చోట్ల సగం ఎత్తులోనే ఆగిపోయి, కింద బ్యానర్ నేలకు రాసుకుంటూ కనిపిస్తాయి. గ్యాస్ సరిపోలేదనుకుని ఇంకో సిలిండర్ తెప్పిస్తారు. బెలూన్ అప్పటికే నిండుగా ఉంటే ఇంకో సిలిండర్ ఏం చేస్తుంది? తప్పు లెక్కలో ఉంది. పుస్తకంలో చూసిన ఒక అంకెను పట్టుకుని, ఏ ఊరో ఏ కాలమో చూడకుండా గుణించేస్తున్నారు. పది నిమిషాల పనిని ఇలా పాడు చేస్తుంటే చూడలేక రాస్తున్నాను.

సూత్రం స్కూల్లో అందరూ చదివిందే. బెలూన్ తాను ఆక్రమించిన చోట ఎంత గాలిని పక్కకు నెట్టిందో, ఆ గాలి బరువెంతో అంత బలం దాన్ని పైకి నెడుతుంది. అదే ఉత్ప్లవనం. అందులోంచి లోపలి గ్యాస్ బరువు తీసేస్తే బెలూన్ ఎత్తగలిగే మొత్తం బరువు వస్తుంది. బెలూన్ తొడుగు, తాడు, బ్యానర్ అన్నీ ఆ మొత్తంలోంచే పోవాలి.

కావలసినవి: కుట్టుటేపు లాంటి పొడవాటి టేపు, నీడలో పెట్టిన థర్మామీటర్, ఒక తూకం, ఫోన్. గ్యాస్ విషయంలో మాత్రం హీలియం తప్ప ఇంకేదీ వాడొద్దు.

1. ఘనపరిమాణం

అమ్మేవాళ్లు చెప్పిన సైజు నమ్మొద్దు. పది అడుగులదని చెప్పిన బెలూన్ నింపాక తొమ్మిది అడుగులే ఉంటే, పోయేది పదో వంతు కాదు, 27 శాతం. ఎందుకంటే ఘనపరిమాణం వ్యాసం ఘనాన్ని బట్టి మారుతుంది. వ్యాసాన్ని కంటితో అంచనా వేయడం కూడా వద్దు. నింపాక నడుము చుట్టూ టేపు వేసి చుట్టుకొలత మీటర్లలో తీసుకోండి. దాని ఘనం కట్టి (చుట్టుకొలత × చుట్టుకొలత × చుట్టుకొలత) 59.2తో భాగించండి. 9.42 మీటర్లు వచ్చిందనుకుంటే ఘనపరిమాణం 14.1 క్యూబిక్ మీటర్లు. బెలూన్ గోళంలా ఉన్నంతవరకు ఈ లెక్క చాలు.

2. సాంద్రత: అందరూ బోల్తా పడేది ఇక్కడే

గాలి సాంద్రత క్యూబిక్ మీటరుకు 1.293 కిలోలు, హీలియంది 0.179 కిలోలు అని పుస్తకాల్లో ఉంటుంది. తేడా 1.11 కిలోలు. ఇంటర్ కెమిస్ట్రీ గుర్తున్నవాళ్లు 22.4 లీటర్ల లెక్క వేసినా ఇదే వస్తుంది. ఈ అంకెలు తప్పు కావు. కానీ అవి సున్నా డిగ్రీల దగ్గర, సముద్రమట్టం పీడనంలో ఉండే అంకెలు. సున్నా డిగ్రీల్లో మన దగ్గర ఎవరు బెలూన్ ఎగరేస్తున్నారు?

గాలి వేడెక్కితే పలచబడుతుంది. ఎత్తుకు వెళ్లినా పలచబడుతుంది. అంటే అదే బెలూన్ పక్కకు నెట్టే గాలి బరువు తగ్గుతుంది, దాంతో ఎత్తే బలమూ తగ్గుతుంది. అందుకే ఆ రోజు, ఆ చోట ఉన్న పీడనం, ఉష్ణోగ్రత తీసుకుని లెక్క కట్టాలి. వాయు సమీకరణంలో గాలి అణుభారం 28.97, హీలియం అణుభారం 4.00 వేసి సర్దితే హీలియానికి ఇంత చిన్న సూత్రం మిగులుతుంది:

ఒక క్యూబిక్ మీటరు ఎత్తే బరువు (కిలోల్లో) = 0.30 × పీడనం ÷ ఉష్ణోగ్రత

పీడనం హెక్టోపాస్కళ్లలో, ఉష్ణోగ్రత కెల్విన్లలో ఉండాలి. అంటే సెల్సియస్‌కు 273 కలపాలి. 40 డిగ్రీలంటే 313. కలపడం మర్చిపోయి నేరుగా 40 వేస్తే క్యూబిక్ మీటరు ఏడు కిలోలు ఎత్తుతుందని వస్తుంది. ఒక క్యూబిక్ మీటరు గాలి బరువే కిలో పైచిలుకు. అంతకన్నా ఎక్కువ వచ్చిందంటే వెంటనే ఆగి మళ్లీ చూసుకోండి.

ఇప్పుడు పీడనం. దీన్ని నిదానంగా చదవండి. ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిస్తే హైదరాబాద్‌లో కూడా 1005, 1010 అని చూపిస్తుంది. అది మీ మైదానంలో ఉన్న పీడనం కాదు. వేర్వేరు ఎత్తుల్లో ఉన్న ఊళ్లను పోల్చడానికి వీలుగా వాతావరణ శాఖలు పీడనాన్ని సముద్రమట్టానికి దింపి చెబుతాయి. అసలు హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. మన వేడిలో సుమారు ప్రతి 9 మీటర్ల ఎత్తుకు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. 540కి 60 పోతుంది. యాప్ 1005 చూపిస్తే మీ దగ్గర ఉన్నది 945.

కొన్ని ఫోన్లలో బారోమీటర్ సెన్సర్ ఉంటుంది. అది చూపేది మీరు నిల్చున్న చోటి పీడనం, దాన్నుంచి ఇంకేమీ తీసేయొద్దు. రెండుసార్లు తీసేసి 885 వేసేవాళ్లూ ఉన్నారు. ఏ అంకె ఎక్కడిదో కాగితం మీద రాసుకుని మొదలుపెట్టండి. అనుమానం ఉంటే యాప్ అంకెనూ సెన్సర్ అంకెనూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా మీ ఊరి ఎత్తుకు సరిపోతే రెండూ సరిగా ఉన్నట్టే.

మే నెల మధ్యాహ్నం, 40 డిగ్రీలు, 945 హెక్టోపాస్కళ్లు: 0.30 × 945 ÷ 313 = 0.906. పుస్తకంలో 1.11, మన మైదానంలో 0.91. మన 14.1 క్యూబిక్ మీటర్ల బెలూన్‌కి పుస్తకం 15.7 కిలోలంటుంది, నిజంగా ఎత్తేది 12.8. యాప్ పీడనం అలాగే వేస్తే 13.6 వచ్చేది. ముప్పావు కిలో తేడా ఏముందిలే అనిపించొచ్చు. కింద ఎంత మిగులుతుందో చూశాక ఆ మాట అనరు.

ఉష్ణోగ్రత కూడా బెలూన్ ఎగిరే చోటిదే కావాలి. ఏసీ హాల్లో 24 డిగ్రీల్లో బిర్రుగా నింపి బయట 40 డిగ్రీల ఎండలోకి తెస్తే లోపలి గ్యాస్ ఐదు శాతానికి పైగా వ్యాకోచిస్తుంది. సాగే చోటు లేకపోతే అతుకుల దగ్గర విచ్చుకుంటుంది. బయట ఎగరేసేదాన్ని బయటే నింపాలి.

‘లీటరుకు గ్రాము’ (అంటే క్యూబిక్ మీటరుకు కిలో) అనే షార్ట్‌కట్ ఒకటి బాగా ప్రచారంలో ఉంది. విశాఖ బీచ్‌లో 30 డిగ్రీల రోజున అది దాదాపు సరిగ్గా కుదురుతుంది, 0.995 వస్తుంది. హైదరాబాద్ ఎండాకాలంలో తొమ్మిది శాతం తప్పుతుంది. ఒకచోట కుదిరిందని అన్నిచోట్లా వాడతారు, అందుకే ఆ షార్ట్‌కట్‌ను నేను ఒప్పుకోను. సూత్రంలో ఉన్నది ఒక గుణకారం, ఒక భాగహారం. ఆ మాత్రం చేయలేమా?

తీరప్రాంతం వాళ్లకు ఇంకో మాట. ఉక్కపోత రోజున గాలి బరువుగా ఉంటుందని అనుకుంటారు. నీటి ఆవిరి అణుభారం 18, గాలి కంటే తక్కువ. కాబట్టి తేమ గాలి తేలికగా ఉంటుంది. బాగా ఉక్కగా ఉంటే ఒకటి రెండు శాతం తగ్గించుకుంటే చాలు.

3. గ్యాస్ సంగతి

పార్టీలకు అమ్మే హీలియంలో కొంత గాలి కలిసి ఉండొచ్చు. ఎంత శాతం గాలి ఉంటే అంత శాతం లిఫ్ట్ (ఎత్తే బలం) పోతుంది. అయిదు శాతం అనుకుంటే మన 12.8 కిలోలు 12.2 అవుతాయి.

హైడ్రోజన్ సాంద్రత హీలియంలో సగమే కాబట్టి రెట్టింపు ఎత్తుతుందని చాలామంది వాదిస్తారు. ఎత్తే బలం వచ్చేది గాలికీ గ్యాస్‌కీ ఉన్న తేడా నుంచి. హైడ్రోజన్‌కి 0.30 బదులు 0.324 వేయాలి, అంతే. లాభం 8 శాతం. ఆ 8 శాతం కోసం, గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఏ పాళ్లలో కలిసినా అంటుకునే గ్యాస్‌ని జనం మధ్యకు తేవడం నేరంతో సమానం. హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) పరిశోధన బెలూన్ కేంద్రం హైడ్రోజన్‌తోనే ఎగరేస్తుంది నిజమే, కానీ అది శిక్షణ ఉన్నవాళ్లు ప్రత్యేక మైదానంలో చేసే పని. అక్కడి బెలూన్లు బయల్దేరేటప్పుడు పైన చిన్న బుడగ, దాని కింద పొడవునా వేలాడే పలచటి ప్లాస్టిక్. పైకి వెళ్లేకొద్దీ పీడనం తగ్గి గ్యాస్ వ్యాకోచిస్తుంది, బయట గాలి పలచబడిన మేరకు ఘనపరిమాణం పెరుగుతుంది. అందువల్ల నిండేదాకా ఎత్తే బలం మారదు. మన ప్రకటన బెలూన్ మొదటే నిండుగా ఉంటుంది, దానికి ఆ వెసులుబాటు లేదు.

వేడిగాలి బెలూన్లు కూడా ఇదే లెక్క. 2017లో అరకులో జరిగిన బెలూన్ పండుగలో ఎగిరినవి అవే. లోపల 100 డిగ్రీలు, బయట 15 ఉంటే అరకు ఎత్తులో క్యూబిక్ మీటరుకు పావుకిలో మాత్రమే ఎత్తుతాయి. నలుగురిని ఎక్కించుకోవడానికి అంత పెద్ద బెలూన్ ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది.

4. తీసివేతలు

ఊహించొద్దు, తూచండి. ఖాళీ బెలూన్‌ని వాల్వుతో సహా తూకం మీద పెట్టండి. మనది 7 కిలోలనుకుందాం. తాడు మొత్తం పొడవు తూచండి, 1.5 కిలోలు. 12.2 లోంచి ఇవి పోతే 3.7 కిలోలు మిగిలాయి. పుస్తకం అంకెతో అయితే 7.2 మిగిలేవి, దాన్ని నమ్మి ఆరు కిలోల ఫ్లెక్సీ కట్టేవాళ్లు.

మిగిలిన దాంట్లో సగానికి మించి బ్యానర్ కట్టకూడదు. మిగతా సగం గాలి కోసం. లిఫ్ట్ మిగలకపోతే కొంచెం గాలి వీచినా బెలూన్ పక్కకు వాలి కరెంటు తీగల మీదకు వెళ్తుంది. ఫ్లెక్సీ చదరపు మీటరుకు పావుకిలో, అంతకు మించీ ఉంటుంది, కాబట్టి పలచటి గుడ్డ బ్యానరే వాడండి. విమానాశ్రయం చుట్టుపక్కల అయితే అనుమతి లేకుండా అసలు ఎగరేయొద్దు.

5. సరిచూసుకోవడం

ఇరవై కిలోల ఇసుక బస్తాని తూకం మీద పెట్టి, బ్యానర్ కట్టకముందు బెలూన్ తాడు దానికి బిగించండి. తూకం ఎంత తగ్గితే అంతే మీ మిగులు లిఫ్ట్. గాలి లేనప్పుడు, తాడు నిటారుగా ఉన్నప్పుడు చూడాలి. మన బెలూన్‌కి 16.3 దగ్గర ఆగాలి. 16.7 దాటితే ముందు చుట్టుకొలత మళ్లీ తీయండి, ఆ తర్వాతే గ్యాస్‌ని అనుమానించండి. సాయంత్రం ఇంకోసారి తూచండి. మిగులు బ్యానర్ బరువుకు దగ్గరపడుతుంటే రాత్రికి దింపేయాలి.