క్రాన్ లైను తప్పు లేకుండా రాయడం ఎలా?

రొయ్యల చెరువులో ఆక్సిజన్ తెల్లవారే ముందు బాగా పడిపోతుంది. భీమవరం, ఉండి వైపు చెరువులో సెన్సర్ పెట్టుకున్న రైతుకు రీడింగ్ నాలుగింటికి అందాలి. ఏడింటికి వస్తే ఏరేటర్ (నీటికి గాలి పట్టించే మిషను) వేసే వేళ దాటిపోయినట్టే. ఆ మెసేజ్ వేళకు పంపే పని లినక్స్‌లో క్రాన్ అనే, చెప్పిన వేళకు పనులు నడిపే ప్రోగ్రాం చూసుకుంటుంది, లైను సరిగ్గా రాస్తే.

క్రాన్‌టాబ్ కమాండుకు 'ఈ' (-e) ఆప్షన్ ఇస్తే క్రాన్ లైన్లు ఉండే ఫైలు తెరుచుకుంటుంది, 'ఎల్' ఇస్తే ఉన్న లైన్లు కనిపిస్తాయి. 'ఆర్' ఇస్తే మొత్తం తుడిచేస్తుంది, మామూలుగా అడగను కూడా అడగదు. కీబోర్డు మీద 'ఈ' పక్కనే 'ఆర్'. ముందు 'ఎల్'తో కాపీ తీసి దాచాకే ఫైలు ముట్టుకోవాలి.

లైనులో అయిదు గడులు, ఆ తర్వాత కమాండు. వరసగా నిమిషం 0–59, గంట 0–23, తేదీ 1–31, నెల 1–12, వారం 0–7 (0, 7 రెండూ ఆదివారమే). స్టార్ (*) అంటే ఏదైనా సరే.

0 4 * * *

రోజూ తెల్లవారుజామున 4 గంటలకు. మొదటి గడిలో 0 బదులు స్టార్ పెడితే 4:00 నుంచి 4:59 దాకా నిమిషానికొకటి చొప్పున 60 మెసేజులు పోతాయి.

*/10 3-5 * * *

3 గంటల నుంచి పది నిమిషాలకోసారి, కానీ ఆఖరుది 5:00కి కాదు, 5:50కి. నిమిషాల గడిలో వాలుగీత తర్వాత 60ని శేషం లేకుండా భాగించే అంకే వేయండి. */40 అంటే 40 నిమిషాలకోసారి అనుకుంటారు. అది 0కి, 40కి నడిచి, 20 నిమిషాలకే మళ్లీ 0 దగ్గర మొదలవుతుంది.

ఇక అందరూ బోల్తాపడే చోటు. అంబాజీపేటలో కొబ్బరి కొట్టు లెక్కలు నెలలో మొదటి సోమవారం ఉదయం 6కి పంపాలి. చాలామంది ఇలా రాస్తారు:

0 6 1-7 * 1

"1 నుంచి 7 లోపు వచ్చే సోమవారం" అని వారి ఉద్దేశం. క్రాన్ అలా చదవదు. నిమిషం, గంట, నెల కచ్చితంగా కుదరాలి. తేదీ, వారం గడులు రెండింటిలోనూ అంకెలుంటే మాత్రం ఏ ఒక్కటి కుదిరినా చాలు. అంటే 1 నుంచి 7 దాకా రోజూ నడుస్తుంది, ఆపైన మిగిలిన సోమవారాలన్నీ నడుస్తుంది. నెలకు ఒక్కసారి కావాల్సింది 10 లేదా 11 సార్లు. ఎర్రర్ ఏమీ చూపించదు, అందుకే నెలల తరబడి ఎవరికీ తెలియదు.

ఆ రెండు గడుల్లో ఒకటి స్టార్‌గానే ఉండాలి. దీనికి మినహాయింపు లేదు. లైను ఇలా:

0 6 1-7 * *

ఈరోజు సోమవారమా కాదా అన్నది క్రాన్ నడిపే స్క్రిప్టు మొదట్లో చూసి, కాకపోతే అక్కడే ఆపేయాలి. ఆ పరీక్షను క్రాన్ లైనులోనే ఇరికించకండి. డేట్ కమాండులో వాడే శాతం గుర్తును (%) క్రాన్ కొత్త లైనుగా తీసుకుని కమాండును అక్కడే తెంచేస్తుంది. నెలాఖరు పనికీ ఇదే పద్ధతి: తేదీ గడిలో 28-31 పెట్టి, రేపు ఒకటో తారీఖేనా అని స్క్రిప్టులో చూడాలి.

క్రాన్ లైన్లు తయారుచేసే రెడీమేడ్ జనరేటర్ నుంచి తెచ్చి అతికించుకున్న లైనును నేను ఒప్పుకోను. జావా ప్రోగ్రామర్లు ఇలాంటి పనికే వాడే క్వార్ట్జ్‌లో మొదటి గడి సెకన్లది, ఆదివారం 1. అది తెచ్చి ఇక్కడ పెడితే గడులన్నీ జరిగిపోతాయి.

అద్దె సర్వర్లు చాలావరకు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి, మనం 5:30 గంటలు ముందు. మన సోమవారం తెల్లవారుజాము 4 అక్కడ ఆదివారం రాత్రి 10:30. గంట ఒక్కటే మార్చి వారం గడి మరిచిపోతే మెసేజ్ ఒక రోజు ఆలస్యమవుతుంది. సర్వర్ టైమ్‌జోన్‌నే ఏషియా కోల్‌కతాకు మార్చి, క్రాన్ సర్వీసును రీస్టార్ట్ చేయడం మేలు.

కమాండుకు పూర్తి పాత్ (అది ఉన్న చోటికి పూర్తి దారి) రాయండి. మీ టెర్మినల్‌కు తెలిసిన దారులన్నీ క్రాన్‌కు తెలియవు. ఆఖరి లైను తర్వాత ఎంటర్ కొట్టండి.

గాలివానకు కరెంటు పోయి నాలుగింటికి మిషను ఆగి ఉంటే, తిరిగి వచ్చాక క్రాన్ ఆ పనిని అందుకోదు. తప్పిపోకూడని పనికి క్రాన్ బదులు లినక్స్‌లోనే ఉండే సిస్టమ్‌డీ టైమర్ పెట్టి, అందులో పర్సిస్టెంట్ సెట్టింగును ట్రూ చేయండి. మిషను లేవగానే తప్పిన పని నడుస్తుంది.