చిత్రకళ విద్యార్థులకు ఇంటరాక్టివ్ కథనం నేర్పే విధానం

చిత్రకళ చదివే విద్యార్థులకు డిజిటల్ మీడియా పేరుతో చాలా చోట్ల ముందుగా నేర్పేది సాఫ్ట్‌వేర్ మెనూలనే. కొన్ని వారాలు గడిచేసరికి లేయర్లూ మాస్కులూ వాళ్లకు అలవాటవుతాయి గాని, కథ ఎటు నడవాలో తేల్చే అవకాశం చూపరి చేతికి ఇచ్చినప్పుడు బొమ్మను ఎలా కూర్చాలో మాత్రం తెలియదు. విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఇలాంటి ఇంటరాక్టివ్ కథనం పాఠం చెప్పదలచిన ఉపాధ్యాయులు మొదటి రెండు వారాలు కంప్యూటర్ ల్యాబు జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మొదటి తరగతికి అమరావతి స్తూపానికి చెందిన, నలగిరి అనే ఏనుగు కథను చెక్కిన ఫలకం ఫోటోను పెద్దదిగా ముద్రించి గోడకు అంటించండి. అసలు శిల్పం చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఆ గుండ్రని చట్రంలో ఒకే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది: ఒకచోట మదమెక్కి వీధిలో మనుషుల మీద పడుతూ, మరొకచోట బుద్ధుని ముందు మోకరిల్లుతూ. కన్ను ముందు ఎక్కడ పడిందో, అక్కడి నుంచి ఎటు కదిలిందో ఒక్కొక్కరినీ అడిగి, ఆ దారిని ట్రేసింగ్ కాగితం మీద గీయించాలి. తర్వాత ఆ కాగితాలను ఒకదానిపై ఒకటి పెట్టి, గీతలు ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో చర్చించాలి. చూపరికి స్వేచ్ఛ ఇచ్చినట్టే ఇచ్చి శిల్పి దారి ఎలా వేశాడో అక్కడ బయటపడుతుంది. చివరగా ఫోటోను ముక్కలుగా కత్తిరించి వరుస మార్చమనండి. మోకరిల్లిన ఏనుగు ముందు, వీధిలోని బీభత్సం తర్వాత కనబడితే అది లొంగుబాటు కథ కాదు, తిరుగుబాటు కథ. వరుస మారితే అర్థం మారుతుందన్న సంగతిని ఇంత సూటిగా చూపే ఉదాహరణ మరొకటి నాకు దొరకలేదు.

రెండో వారంలో ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలకు తీసుకెళ్లాలి. నాలుగు అంతస్తుల ఆ గుహాలయంలో ముందు ఏది చూడాలో, ఎక్కడ ఆగాలో చూపరి తన కాళ్లతోనే నిర్ణయించుకుంటాడు. స్తంభాల వరుస కొంత దాస్తుంది, చీకటి కొంత ఆపుతుంది, శయన విష్ణువు మాత్రం ఎంత నడిచినా ఒక్క చూపులో ఇమడక తలవైపు నుంచో పాదాలవైపు నుంచో కొంచెం కొంచెంగానే దొరుకుతాడు. విద్యార్థులు అక్కడ అందమైన స్కెచ్‌లు వేయనవసరం లేదు. తాము ఆగిన చోట్లను చుక్కలుగా, తిరస్కరించిన దారులను తెగిన గీతలుగా గుర్తిస్తే చాలు. అది పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న స్థలం కనుక ట్రైపాడ్లు తీసుకెళ్లదలిస్తే అనుమతి ముందే అడగాలి.

ఇక కథ రాయడం. దీన్ని కార్డుల మీదే మొదలుపెట్టాలి. ఒక్కో కార్డు ఒక్కో దృశ్యం. కార్డులను గోడకు గుచ్చి, వాటి మధ్య దారం కట్టాలి. ఉత్సాహంలో విద్యార్థులు ప్రతి దృశ్యానికీ రెండేసి కొమ్మలు పెడతారు. అలా ఐదుసార్లు చీలిస్తే 32 ముగింపులు వస్తాయి. మొదటి దృశ్యంతో కలిపి మొత్తం 63 బొమ్మలు వేయాలి. ఈ లెక్కను బోర్డు మీద వేసి చూపించాక, చీలిన కొమ్మలు తిరిగి ఒక దృశ్యంలో కలిసేలా కథను మళ్లీ కట్టమనాలి. కలిసిన తర్వాత కూడా పాఠకుడు ఏ దారిలో వచ్చాడో కథ గుర్తుపెట్టుకోవాలి: అదే గది, అదే మనిషి, కాని ఈసారి అతని చేతిలో గొడుగు ఉండదు. ఒక సెమిస్టరుకు పదిహేను నుంచి ఇరవై దృశ్యాలు, మూడు ముగింపులు చాలునని పట్టుబట్టడం మేలు.

అన్నిటికంటే ఎక్కువ సమయం ఎంపికల నాణ్యత మీద వెచ్చించాలి. ఎడమ తలుపా, కుడి తలుపా అన్నది ఎంపిక కాదు, లాటరీ. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో గుంటూరు వెళ్లే చివరి బస్సు తప్పిపోయిన ఒక అమ్మాయిని ఊహించమనండి. ఆమె ఫోనులో చార్జింగు కొద్దిగానే మిగిలింది. ఆ చార్జింగుతో ఇంటికి ఫోన్ చేసి నాన్నగారికి నిజం చెప్పడమా, లేక స్నేహితురాలి ఇంటి దారి చూసుకోవడమా? ఏది ఎంచుకున్నా ఒకటి పోతుంది; పాఠకుడి వేలు అక్కడ ఆగుతుంది. చిత్రకళ విద్యార్థి ప్రత్యేకత ఇక్కడే కనబడాలి. చార్జింగు తక్కువగా ఉందన్న సంగతి వాక్యంలో కాక బొమ్మలోనే, ఆమె ముఖం మీద పడే తెర వెలుగు మసకబారడంలో తెలియాలి. ఎంపికకు కావలసిన ఆధారాన్ని బొమ్మలోంచి తీసేసినా కథ మామూలుగా నడిచిపోతే, ఆ బొమ్మ అలంకారం మాత్రమేనని మొహమాటం లేకుండా చెప్పాలి.

అప్పుడు ల్యాబు తలుపు తీయవచ్చు. మొదటి పరికరంగా ట్వైన్ సరిపోతుంది. 2009లో క్రిస్ క్లైమస్ విడుదల చేసిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దృశ్యాలు తెర మీద కార్డుల్లాగే కనిపిస్తాయి. దృశ్యం పేరును రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య రాస్తే లింకు సిద్ధమవుతుంది. గొడుగు ఉందా లేదా అన్నది గుర్తుంచుకోవడానికి వేరియబుల్ (ఒక విలువను దాచిపెట్టే పేరు) కావాలి. దాని పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టడం క్షేమం. బ్రౌజరులో ట్వైన్ వాడితే కథ ఆ బ్రౌజరులోనే దాచబడుతుంది, డేటా చెరిపేస్తే కథ కూడా పోతుంది. పలువురు వాడే ల్యాబు కంప్యూటర్ల మీద ఇది పెద్ద ప్రమాదం కనుక ప్రతి తరగతి చివర కథ నకలు ఉండే ఆర్కైవ్ ఫైలు దించి పెన్‌డ్రైవులో పెట్టించాలి. పాత్రల సంభాషణలు ఎక్కువగా ఉన్న కథలకు రెన్‌పై అనే మరో సాఫ్ట్‌వేర్ అనుకూలం, కాని దాన్ని రెండో సెమిస్టరుకు వదిలేయండి.

తెలుగు అక్షరాల విషయంలో జాగ్రత్త అవసరం. మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేసిన పాఠ్యం యూనికోడ్ (అన్ని పరికరాలూ గుర్తించే అక్షర సంకేత పద్ధతి) కాదు కాబట్టి బ్రౌజరులో పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది. దాన్ని ముందే యూనికోడ్‌లోకి మార్చాలి. ఫోటోషాప్ పాత వెర్షన్లలో టెక్స్ట్ ఎంపికలు సరిగా పెట్టకపోతే వత్తులు విడిపోతాయి. అందుకే మాటలను బొమ్మలో కలిపేయకుండా పాఠ్యంగానే ఉంచి, మండలి వంటి యూనికోడ్ ఫాంటు వాడి, పంక్తుల మధ్య దూరం ఇంగ్లిష్‌కు పెట్టేదానికంటే పెంచాలి.

బొమ్మల వెడల్పు 1080 పిక్సెళ్లు దాటనక్కరలేదు. ట్వైన్ ఇచ్చే హెచ్‌టీఎంఎల్ ఫైలును ఒంటరిగా వాట్సాప్‌లో పంపితే, పక్క ఫోల్డరులోని బొమ్మలు దానితో వెళ్లవు. బొమ్మలతో సహా జిప్ చేసి, ప్రధాన ఫైలుకు ఇండెక్స్ అని పేరు పెట్టి, ఇచ్.ఐఓ (itch.io) వంటి, ఆటలూ కథలూ ఉంచే వెబ్‌సైటులో పెడితే ఎవరి ఫోనులోనైనా నేరుగా తెరుచుకుంటుంది.

మార్కులు వేసే రోజున కథను వేరే శాఖ విద్యార్థి ఒకరితో చదివించండి. రాసిన విద్యార్థి వెనక కూర్చుని, ఒక్క మాటా మాట్లాడకుండా, చదివేవారు ఎక్కడ తడుముకున్నారో, ఏ బొమ్మను చూడకుండానే దాటేశారో రాసుకోవాలి. సగం మార్కులు కథకు, సగం మార్కులు ఆ నోట్సు చూసుకుని చేసిన సవరణకు కేటాయించాలి. సవరించిన కథతో పాటు మొదటి రూపం ఆర్కైవ్ ఫైలును కూడా సమర్పించమని ముందే చెప్పాలి.