మరుగునపడ్డ కామిక్ పాత్రను పాత పత్రికల్లో పట్టుకోవడం ఎలా?

పాత్ర పేరు కొట్టి వెతికితే చాలదు. స్కాన్ చేసిన పేజీలో కంప్యూటర్ అచ్చక్షరాలను చదువుతుంది, బుడగల్లో చేత్తో రాసిన మాటల దగ్గర తడబడుతుంది. కాబట్టి 1895-1915 మధ్య అమెరికన్ స్ట్రిప్‌లకు (పత్రికల్లో వరస బొమ్మలతో వచ్చే కామిక్ కథలకు) పేరుకన్నా తేదీనే నమ్ముకోండి.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నడిపే పాత పత్రికల ఆన్‌లైన్ భాండాగారం క్రానిక్లింగ్ అమెరికా ఉచితం. అందులో పత్రికను, ఏడాదిని ఎంచుకుని సంచికలు వరసగా తిప్పండి. రంగుల కామిక్‌లు ఎక్కువగా ఆదివారం అనుబంధాల్లో వచ్చేవి. అందుకే ముందుగా ఆ ఏడాది ఆదివారాల తేదీలు రాసి పెట్టుకోండి. ‘లిటిల్ నెమో’ మొదలైన 1905 అక్టోబర్ 15 ఆదివారమే. కానీ గుర్రప్పందేలాడే ‘ఎ. మట్’ 1907 నవంబర్ 15న, శుక్రవారం నాడు, శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ క్రీడల పేజీలో మొదలైంది. ఆదివారాలే తిప్పేవారికి అది దొరకదు.

అనుబంధం కనిపించకపోతే అది రాలేదని తేల్చేయకండి. పాత పేజీలను మైక్రోఫిల్మ్ (చిన్న ఫిల్మ్ మీద ఫొటోలు) తీసేటప్పుడు దాన్ని వదిలేసి ఉండవచ్చు. తీసినా రంగులు పోయి నలుపు తెలుపే మిగులుతుంది. అదే స్ట్రిప్‌ను కొనుక్కున్న వేరే ఊరి పత్రికలు కనీసం మూడైనా చూడండి. అక్కడ కొన్ని రోజులు ఆలస్యంగా పడి ఉండవచ్చు కనుక, మీకు దొరికిన మొదటి తేదీనే పాత్ర పుట్టినరోజని రాయవద్దు.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది చిత్రకారుడి పేరు దగ్గర. ‘ఎల్లో కిడ్’ అనే పసుపు చొక్కా పిల్లాడిని గీసే అవుట్‌కాల్ట్ 1896 అక్టోబర్‌లో న్యూయార్క్‌లోని పులిట్జర్ పత్రిక ‘వరల్డ్’ వదిలి, అక్కడిదే అయిన హర్స్ట్ పత్రిక ‘జర్నల్’కు వెళ్లాడు. ‘వరల్డ్’ మాత్రం జార్జ్ లక్స్ అనే మరో చిత్రకారుడి చేత అదే పసుపు చొక్కా పిల్లాడిని గీయించింది. ఒకే పిల్లాడు, ఒకే ఊళ్లో రెండు పత్రికల్లో! మూలన ఉన్న సంతకాన్ని పెద్దది చేసి చూడాల్సిందే. సంతకమైనా కలంపేరు కావచ్చు: ‘రేర్‌బిట్ ఫీండ్’ స్ట్రిప్ కింద సైలస్ అని ఉంటుంది, గీసింది విన్సర్ మెకే. స్ట్రిప్ పేర్లూ మారతాయి. చిత్రకారుడు డర్క్స్ 1914లో మొదలుపెట్టిన ‘హాన్స్ ఉండ్ ఫ్రిట్జ్’ యుద్ధకాలంలో ‘ది కెప్టెన్ అండ్ ది కిడ్స్’ అయింది. రెండు పేర్లతోనూ వెతకండి.

దొరికిన ప్రతిదానికీ పత్రిక, తేదీ, పేజీ, సంతకం, బొమ్మల సంఖ్య రాసుకోండి. 1903-05 నాటి న్యూయార్క్ హెరాల్డ్‌లో చిత్రకారుడు గుస్టావ్ వర్బీక్ కామిక్ పేజీ తగిలితే ఆరు బొమ్మలే ఉన్నాయని, సగం పోయిందని అనుకోకండి. చిత్రాన్ని 180 డిగ్రీలు తిప్పండి. కథ మిగతా సగం అక్కడ తలకిందులుగా ఉంటుంది.